ఫైలు ఏ బల్ల దగ్గర ఆగింది?

ప్రభుత్వాఫీసులో ఫైలు కదలకపోతే అనుభవమున్నవాళ్లు ముందు ఒక్కటే ఆరా తీస్తారు... అది ఏ బల్ల మీద ఆగిందని! ఆ బల్ల తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే గది గదికీ తిరగడమే. ఇంట్లో ఒక కంప్యూటర్లోంచి మరో కంప్యూటర్లోకి వెళ్లాల్సిన ఫైలుకీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. కాపీ నెమ్మదిగా అవుతోందనగానే నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. పెద్ద ప్లాన్ తీసుకుంటారు. అప్పటికీ లాభం లేకపోతే కొత్త రూటర్ కొంటారు. డబ్బులు కదులుతాయి, ఫైలు మాత్రం కదలదు. ఎందుకంటే అది ఆగిన బల్ల వేరే ఎక్కడో ఉంది.

ఈ అవసరం ఇప్పుడు చాలామందికి పడుతోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. దాంతో హాల్లో ఏళ్ల తరబడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ను పక్కన పెట్టి కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లున్నారు. కొత్తది వచ్చాక మొదటి పని... పెళ్లి వీడియో, పిల్లల బారసాల ఫొటోలు, తాతయ్య షష్టిపూర్తి, ఇంటి కాగితాల స్కానింగులు పాతదాంట్లోంచి ఇందులోకి తెచ్చుకోవడం. అన్నీ కలిపి 60 జీబీ అనుకుందాం. ఇదే సరుకు ఒక ఇంట్లో తొమ్మిది నిమిషాల్లో చేరుతుంది. ఇంకో ఇంట్లో గంటన్నర. మరో ఇంట్లో ఆరున్నర గంటలు! ఇంత తేడా ఎక్కడ వస్తోంది?

ప్లానుకీ దీనికీ సంబంధం లేదు

ముందుగా ఒక అపోహ తీరాలి. ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య జరిగే కాపీ ఇంటర్నెట్ గుండా వెళ్లదు. వంటింట్లోంచి హాల్లోకి కాఫీ తేవడానికి వీధిలోకి వెళ్లక్కర్లేదు కదా... అలాగే. ఫైలు పాత కంప్యూటర్లోంచి బయల్దేరి రూటర్ దాకా వచ్చి, అక్కడి నుంచి కొత్త కంప్యూటర్లోకి మళ్లిపోతుంది. నెట్ కనెక్షన్ పూర్తిగా తీసేసినా ఈ కాపీ నడుస్తుంది. కాబట్టి నెలకు మరో రెండొందలు ఎక్కువ కట్టినంత మాత్రాన ఈ పని వేగం పెరగదు.

రెండో తిరకాసు లెక్కల్లో ఉంది. నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. విండోస్ కాపీ పెట్టెలో కనిపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 100 మెగాబిట్ల దారిలో సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి పోవు. దారి ఖర్చులు పోగా చేతికందేది 11, 12. 'వంద అన్నారు, పన్నెండే వస్తోంది' అని కంగారు పడేవాళ్లు అక్కడ మోసపోలేదు. వాళ్లకు వస్తున్నది పూర్తి వేగమే. పెంచాలంటే దారినే మార్చాలి.

పది నిమిషాల పరీక్ష

ఏదైనా కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. రెండు మూడు జీబీల ఒకే ఒక్క పెద్ద ఫైలును... ఒక సినిమానో, పెళ్లి వీడియోలో ఒక భాగాన్నో... పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి కాపీ చేయాలి. కాపీ పెట్టెలో 'మోర్ డీటెయిల్స్' నొక్కితే వేగం గ్రాఫ్ రూపంలో కనిపిస్తుంది. మొదటి కొన్ని క్షణాల్లో కనిపించే పెద్ద అంకెను నమ్మకూడదు. అప్పుడు సరుకు మెమరీలోకి చేరుతుంటుంది. ఓ నిమిషం తర్వాత నిలకడగా కనిపించే అంకే అసలైనది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి.

ఆ అంకె చాలా సంగతులు చెబుతుంది. సెకనుకు రెండు నుంచి ఐదు మెగాబైట్లుంటే మొదటి అనుమానం వైఫై మీద. 11, 12 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే దారిలో ఎక్కడో 100 మెగాబిట్ల ముక్క ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేస్తున్నప్పుడు 30, 40 మధ్య ఆగితే డిస్కును పాత రకం యూఎస్‌బీ 2 రంధ్రంలో పెట్టి ఉంటారు. 110 వస్తుంటే మామూలు ఇంటి నెట్‌వర్క్‌కి అదే గరిష్ఠం. ఇక హాయిగా కాపీ చేసుకోవచ్చు. అంకె నిలవకుండా ఎగిరిపడుతూ మాటిమాటికీ సున్నాకు పడిపోతుంటే మాత్రం చూపు డిస్కు వైపు తిప్పాలి.

కాపీ నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' విభాగంలో డిస్కు, నెట్‌వర్క్ రెండూ ఏం చేస్తున్నాయో కనిపిస్తుంది. డిస్కు నూటికి నూరు శాతం పనిలో ఉండి నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే ఫైలు ఆగింది డిస్కు బల్ల మీద. డిస్కు తీరిగ్గా ఉండి నెట్‌వర్క్ గీత ఒకే ఎత్తున నిలబడితే ఆగింది దారిలో. ఇది రెండు కంప్యూటర్లలోనూ చూడాలి. పంపేది ఎంత చురుకైనదైనా పుచ్చుకునేది నీరసంగా ఉంటే ఫలితం ఒకటే.

గాలిలో రెండు ప్రయాణాలు

రెండు కంప్యూటర్లూ వైఫై మీదే ఉంటే ఫైలు గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. ఒకసారి పాత కంప్యూటర్ నుంచి రూటర్‌కి, మళ్లీ రూటర్ నుంచి కొత్తదానికి. రెండూ ఒకే చానల్లో ఉంటే ఒకేసారి మాట్లాడలేవు. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి. అలా వేగం సగానికి పడుతుంది. మధ్యలో చవక రకం రిపీటర్ పెడితే అది కూడా విన్న మాటే మళ్లీ చెప్పాలి కాబట్టి ఇంకా తగ్గుతుంది. ఆరున్నర గంటలు పట్టే ఇంట్లో జరుగుతున్నది సాధారణంగా ఇదే. సెకనుకు రెండున్నర మెగాబైట్ల చొప్పున 60 జీబీ చేరాలంటే అంతసేపు పడుతుంది.

పైగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఇప్పుడు పండగనాటి బస్టాండులాంటిది. అపార్ట్‌మెంట్లో పై ఇల్లు, కింది ఇల్లు, పక్కిల్లు... అందరి రూటర్లూ అక్కడే. ఒకదానికొకటి అడ్డం పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11... ఈ మూడే. బ్లూటూత్ వస్తువులు, మైక్రోవేవ్ ఒవెన్ కూడా ఆ పరిసరాల్లోనే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, దారి వెడల్పు. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే సెకనుకు 40, 50 మెగాబైట్లు రావచ్చు. అయితే దానికి గోడలంటే భయం. రెండు కాంక్రీటు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది.

ఇందుకు పైసా ఖర్చులేని మందు ఒకటుంది. కాపీ అయ్యేదాకా రెండు కంప్యూటర్లనూ రూటర్ దగ్గరికి తెచ్చి, కేబుళ్లతో కలపడమే. రెండూ కుదరకపోతే కనీసం ఒక్కదాన్ని కలిపినా గాలిలో ఒక ప్రయాణం తగ్గుతుంది. ఇక్కడొక జాగ్రత్త. కేబుల్ పెట్టినా వైఫై ఆన్‌లోనే ఉంటే ఫైలు ఏ దారిన వెళ్తోందో తెలియదు. కాపీ అయ్యేదాకా వైఫై ఆపేస్తే అనుమానం ఉండదు.

ఎనిమిది తీగల కథ

కేబుల్ పెట్టినా వేగం 12 దగ్గరే ఆగిపోయిందా? అయితే ఆ కేబుల్ కథేమిటో చూడాలి. నెట్‌వర్క్ కేబుల్ లోపల ఎనిమిది తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జంటలుగా ఉంటాయి. 100 మెగాబిట్లకు వీటిలో రెండు జంటలు చాలు. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ వేగానికి నాలుగు జంటలూ కావాలి. ఒక్క తీగ తెగినా, కొనకున్న ప్లాస్టిక్ కనెక్టర్‌లో ఒక్కటి సరిగ్గా బిగియకపోయినా చాలా కంప్యూటర్లు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. తెర మీద ఏ హెచ్చరికా రాదు. నెట్ చూడటానికి ఆ వేగం చాలు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. పెద్ద కాపీ పెట్టిన రోజునే గుట్టు బయటపడుతుంది.

ఎలా తెలుసుకోవాలి? విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఆపైన ఈథర్‌నెట్ తెరిస్తే 'లింక్ స్పీడ్' అనే వరుస ఉంటుంది. అక్కడ 1000 అని ఉంటే దారి బాగున్నట్టు. 100 అని ఉంటే ముందు కేబుల్ మార్చి చూడాలి. తలుపు సందులో నలిగినవీ, ఎలుక కొరికినవీ, చెక్క బీరువా కింద పదేళ్లు నలిగినవీ మొదటి ముద్దాయిలు. కేబుల్ తొడుగు మీద సన్నని అక్షరాల్లో రకం అచ్చు వేసి ఉంటుంది. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ అయితే గిగాబిట్‌కి సరిపోతుంది. అంతకంటే ఖరీదైనది ఇంటికి అక్కర్లేదు.

గోడలోపలి నుంచి కేబుల్ లాగించిన ఇళ్లలో ఇంకో చిక్కు ఉండొచ్చు. పొదుపు కోసం ఒకే కేబుల్లోని నాలుగు తీగలను ఒక గదికీ, మిగతా నాలుగింటిని ఇంకో గదికీ పంచేయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. దానిమీద 100 మెగాబిట్లు భేషుగ్గా నడుస్తాయి. గిగాబిట్ మాత్రం ఎన్నటికీ రాదు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గదికో పూర్తి కేబుల్ వేయమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పుకోవడం మంచిది. గోడలు పూశాక చెప్పినా ఉపయోగం ఉండదు.

కేబుల్ బాగుందని తేలినా లింక్ స్పీడ్ 100 దాటకపోతే ఫైబర్ నెట్‌తో పాటు వచ్చిన పెట్టె వెనక్కి చూడండి. నాలుగు రంధ్రాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ కొన్ని పెట్టెల్లో ఒక్కటే గిగాబిట్, మిగతావి 100 మెగాబిట్లవి. పక్కన చిన్న అక్షరాల్లో జీఈ, ఎఫ్ఈ అని రాసి ఉంటుంది. జీఈ అంటే గిగాబిట్. ఎఫ్ఈ అంటే 100. కొత్త రూటర్ కొనకుండానే దీనికి విరుగుడు ఉంది. ఐదు రంధ్రాల గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి, రెండు కంప్యూటర్లనూ దానికే కలపాలి. దాన్నుంచి ఒక తీగ పెట్టెకు వెళ్తే నెట్ వస్తుంది. రెండు కంప్యూటర్ల మధ్య సరుకు మాత్రం స్విచ్ దగ్గరే అటునుంచటు మళ్లిపోతుంది.

గుడ్‌మార్నింగ్ బొమ్మల బరువు

పెద్ద ఫైలు 110తో పరుగెత్తింది. ఫొటోల ఫోల్డర్ పెట్టగానే రెండుకో మూడుకో పడిపోయింది. ఇదేం వింత? ఇందులో నెట్‌వర్క్ తప్పేమీ లేదు. వెయ్యి కిలోల బియ్యాన్ని పది బస్తాల్లో మోయడం వేరు, పావుకిలో పొట్లాలు నాలుగువేలు మోయడం వేరు. ప్రతి ఫైలుకీ అవతలి కంప్యూటర్‌ను అడగాలి, పేరు రాయించాలి, తెరవాలి, రాయాలి, మూయాలి. మధ్యలో యాంటీవైరస్ ఒకసారి తడిమి చూస్తుంది. వందేసి కేబీల వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఇరవై వేలుంటే మొత్తం రెండు జీబీలే. కానీ అవి చేరడానికి రెండు జీబీల సినిమా కంటే ఎన్నో రెట్లు సమయం పడుతుంది.

అందుకే కాపీకి ముందే అక్కర్లేనివి ఏరేయడం మంచిది. మిగిలినవాటిని ఒకే మూటగా కట్టొచ్చు. ఉచితంగా దొరికే 7-జిప్‌లో 'స్టోర్' అనే పద్ధతి ఉంది. అందులో కుదించడం ఉండదు, ఉన్నవన్నీ ఒక ఫైలుగా చేరతాయి అంతే. ఫొటోలూ వీడియోలూ ముందే కుదించి ఉంటాయి కాబట్టి మళ్లీ నలిపినా తగ్గేది నామమాత్రం, సమయం మాత్రం దండగ. యాంటీవైరస్‌ను మాత్రం ఆపేయొద్దు. పాత కంప్యూటర్లో ఏముందో ఎవరికి తెలుసు?

సరుకు పెద్దదైనప్పుడు విండోస్‌లోనే ఉన్న 'రోబోకాపీ' బాగా పనికొస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ మాట, తర్వాత ఉన్నచోటు, ఆపైన చేరాల్సిన చోటు, చివర్లో స్లాష్ ఈ రాస్తే లోపలి ఫోల్డర్లతో సహా కాపీ చేస్తుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి... మళ్లీ అదే వరుస ఇస్తే అప్పటికే పూర్తిగా చేరినవాటిని వదిలేసి మిగిలినవాటినే తీసుకుంటుంది. అయితే దీంట్లో స్లాష్ ఎంఐఆర్ అనే స్విచ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఉన్నచోట లేని ఫైళ్లు చేరాల్సిన చోట కనిపిస్తే అది తుడిచేస్తుంది.

నెమ్మది కాదు... హెచ్చరిక

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ సమయం పోయే సంగతులు. అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. దారి బాగుంది, కేబుల్ బాగుంది, అయినా కాపీ మాటిమాటికీ సున్నాకు పడుతోంది. ఒకే ఫైలు దగ్గర నిమిషాల తరబడి నిలిచిపోతోంది. పాత కంప్యూటర్లో డిస్కు నూరు శాతం చూపిస్తోంది. పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు వేగం పెంచే చిట్కాలు వెతుకుతూ కూర్చోకూడదు. ఆ హార్డ్ డిస్కు చివరి రోజుల్లో ఉండొచ్చు. చదవలేని చోటును అది మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తున్నందువల్లే ఆ నెమ్మది.

హార్డ్ డిస్కులు తమ ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే పద్ధతిలో లెక్కలు రాసుకుంటాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వాటిని చదివి 'గుడ్', 'కాషన్', 'బ్యాడ్' అని చెబుతుంది. గుడ్ అని రాకపోతే ఆ క్షణం నుంచి పని వరుస మారిపోవాలి. తిరిగి రానివాటిని ముందు తీసుకోవాలి. ఇక లేని పెద్దవాళ్ల ఫొటోలు, వాళ్ల గొంతు ఉన్న వీడియోలు, పిల్లల చిన్నప్పటివి... ఇవి మొదట. సర్టిఫికెట్లు, దస్తావేజుల స్కానింగులు తర్వాత. సినిమాలూ పాటలూ చిట్టచివర. అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి. ఇలాంటి డిస్కు మీద జిప్ మూటలు కట్టొద్దు. డీఫ్రాగ్ చేయొద్దు. కొత్తగా ఏమీ రాయొద్దు. వీలైతే యూఎస్‌బీ 3 ఎక్స్‌టర్నల్ డిస్కును నేరుగా దానికే పెట్టి దించుకుంటే దారిలోని బల్లలన్నీ తప్పుతాయి.

చప్పుడు గట్టిగా వస్తున్నా, డిస్కు అసలు కనిపించకుండా పోతున్నా వెంటనే కంప్యూటర్ ఆపేయాలి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే లోపల మిగిలింది కూడా గీరుకుపోవచ్చు. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే ఆ దశలో మిగిలిన దారి. ఖర్చవుతుంది, దొరుకుతాయన్న హామీ కూడా ఉండదు.

తొందరపడి చేయకూడనివి

'కట్' చేసి 'పేస్ట్' చేయడం మొదటిది. సగంలో ఆగితే ఏది ఎక్కడుందో తెలియని గందరగోళం. ఎప్పుడూ కాపీయే చేయాలి.

రెండోది, పాత కంప్యూటర్ కనిపించడం లేదని ఎవరో చెప్పిన సలహాతో ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతిని ఆన్ చేయడం. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ అందులోని లోపాన్ని పట్టుకునే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పట్లో దాని బారిన పడ్డాయి. అదే ఏడాది నుంచి కొత్త విండోస్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని ముందే అమర్చి ఇవ్వడం మానేసింది. ఎక్స్‌టర్నల్ డిస్కుతో తీరే పనికి ఆ తలుపు తీయక్కర్లేదు.

మూడోది, కాపీ అయిందనగానే పాత డిస్కును తుడిచేయడం లేదా పాత సామాన్లవాళ్లకు వేసేయడం. రెండు చోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' చూస్తే ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం తెలుస్తాయి. రెండూ సరిపోవాలి. తర్వాత అక్కడక్కడా కొన్ని ఫొటోలు, వీడియోలు తెరిచి చూడాలి. వీడియోను చివరిదాకా జరిపి చూడాలి. అప్పుడు కూడా పాతదాన్ని ఒకట్రెండు నెలలు అలాగే ఉంచడం ఉత్తమం.

కొత్త కంప్యూటర్లోకి వచ్చేశాయి కదా అని నిశ్చింతగా ఉంటే మళ్లీ మొదటికే. ముఖ్యమైనవి మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒక ప్రతి ఇంటి బయట ఎక్కడైనా ఉండాలి... బంధువుల ఇంట్లో డిస్కు మీదో, క్లౌడ్‌లోనో.

వరుసగా ఇలా చూడండి

1. ఒకే పెద్ద ఫైలుతో పరీక్ష. నిమిషం తర్వాతి వేగం రాసుకోవాలి.
2. టాస్క్ మేనేజర్లో డిస్కు, నెట్‌వర్క్... రెండు కంప్యూటర్లలోనూ.
3. డిస్కు మీద అనుమానం వస్తే మిగతావన్నీ ఆపి, తిరిగి రాని ఫొటోలు ముందు బయటికి.
4. వైఫై ఆపి, రెండింటికీ కేబుల్.
5. లింక్ స్పీడ్ 1000 ఉందా? లేకపోతే కేబుల్, తర్వాత పెట్టె వెనక రంధ్రం.
6. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఏరివేత, ఆపైన మూట.
7. ఇవన్నీ అయ్యాకే కొనుగోలు ఆలోచన. ఈ వరుసలో వెళ్తే చాలా ఇళ్లలో ఖర్చు ఒక కేబుల్‌తోనో, ఒక చిన్న స్విచ్‌తోనో సరిపోతుంది.